లెక్కల వైకుంఠం, ఇంగ్లీషు సక్కుబాయి

"సార్, ఒక్క డౌట్. ఇంగ్లీషుల కట్‌ఆఫ్ దాటనోడు ఫస్టు ఎట్లయితడు?"

అజ్మత్ అలీ సారు మార్కుల కాగితంలోంచి తలెత్తారు. యాకుత్‌పురాలో ఆయన ఇంటి మేడ మీద గదిలో, చాపల మీద కూర్చున్న పిల్లలంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. అడిగింది ఆ వారమే చేరిన కొత్తమ్మాయి. పేరు సక్కుబాయి. ఉప్పుగూడ నుంచి వస్తుంది. రెండు జడలు, చేతిలో మడిచిన ఇంగ్లీషు దినపత్రిక, ఎవరినీ లెక్కచెయ్యని చూపు.

మొదటి వరసలో ఉన్న వైకుంఠం మాత్రం తిరగలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలం చివర అది. బ్యాంకు క్లర్కుల పరీక్ష కోసం పాతబస్తీ పిల్లలు సారు దగ్గర చదువుకునేవాళ్లు. గవర్నమెంటు స్కూల్లో లెక్కలూ ఇంగ్లీషూ రెండూ చెప్పి రిటైరైన మనిషి ఆయన. ప్రతి శనివారం ఒక నమూనా పరీక్ష పెట్టేవారు. లెక్కలు, రీజనింగు, ఇంగ్లీషు, క్లరికల్ ఆప్టిట్యూడు, నాలుగు సెక్షన్లు. ఏ ఒక్కదాంట్లో కట్‌ఆఫ్ మార్కులు దాటకపోయినా అసలు పరీక్షలో ఫెయిలే. అన్నీ కలిపితే ఎప్పుడూ వైకుంఠమే ఫస్టు. ఛత్రినాకలో అతన్ని అందరూ లెక్కల వైకుంఠం అనేవారు. చక్రవడ్డీ లెక్కకట్టమంటే కాగితం అడగడని పేరు. కిందటేడు అసలు పరీక్షలో మాత్రం అతని నంబరు రాలేదు. "నసీబు బాగలేదు" అని చెప్పుకుని తిరిగాడు.

"అడిగింది సహీ బాత్," అన్నారు సారు. "వైకుంఠం, ఇంగ్లీషుల ఎంతొచ్చింది చెప్పు."

వైకుంఠం లేచి నిలబడి వెనక్కి తిరిగాడు.

"నూట ఇరవై మీటర్ల రైలు. గంటకు యాభై నాలుగు కిలోమీటర్ల స్పీడు. నూట ఎనభై మీటర్ల ప్లాట్‌ఫారం దాటనీకి ఎంతసేపు పడ్తది? నువ్వు చెప్పు ముందుగాల."

సక్కుబాయి నోరు తెరిచింది. మూసింది. పేపరు మడత ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

"ఇరవై సెకన్లు," అన్నాడు వైకుంఠం. "కాగితం గూడ అక్కరలేదు."

"ఈమెకు లెక్కలల్ల ఎంతొచ్చిందో నాకు ఎరుకనే. నీకు ఇంగ్లీషుల ఎంతొచ్చిందో గది గూడ ఎరుకనే," అన్నారు సారు నెమ్మదిగా. "ఇద్దరూ ఫెయిలే. మంచానికి మూడు కాళ్లు మంచిగున్నయని నాలుగోది ఇరగగొట్టుకుంటే ఎవడు పండుకుంటడు దాని మీద? వైకుంఠం, దినాం ఎన్ని గంటలు లెక్కలు చేస్తవ్?"

"మూడు. ఒక్కోసారి నాలుగు."

"ఇంగ్లీషు?"

వైకుంఠం కిందికి, చాప వైపు చూశాడు.

"ఇష్టమైనదానికి టైం ఇచ్చుడు చదువు గాదు మియా. షోకు. బేటీ, నీది గూడ గదే కథ." సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "రేపటి సంది క్లాసు అయినంక కింద వరండాల కూసోండ్రి. నీ లెక్కల టైంల సగం ఈమెది. ఈమె ఇంగ్లీషు టైంల సగం నీది. మంజూరు గాకుంటే ఇద్దరూ వేరే సారును చూసుకోండ్రి."

*

కింద వరండాలో సారు భార్య అన్వరీ బేగం దివాను మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతుండేది. ఆమె అక్కడ ఉన్నది బియ్యం కోసమా, వీళ్ల కోసమా అన్నది ఎవరూ అడగలేదు.

మొదటి దినాలన్నీ ఒక్క తీరుగానే నడిచాయి. వైకుంఠం పెన్సిలు తీసుకుని చకచకా లెక్క చేసి, "సమజయిందా?" అనేవాడు. సక్కుబాయి "ఆఁ" అనేది. ఇంకో లెక్క. అదీ అతనే. అతని చెయ్యి కాగితం మీద పరుగెత్తుతుంటే చూడటం బాగుండేది. అతనికీ ఆమె చూస్తున్నదని తెలుసు. ఇంకా వేగంగా చేసేవాడు.

ఇంగ్లీషు టైం వచ్చేసరికి అతనికి తల నొచ్చేది. లేకుంటే తల్లి కృష్ణమ్మకు ఏదో పని ఉండేది. ఆమె చార్‌కమాన్ దుకాణాలకు ఇంట్లో ముత్యాలు గుచ్చి ఇస్తుంది.

"మీ అమ్మకు దినాం ఇదే టైంకు పనొస్తదా?" అంది ఒకనాడు సక్కుబాయి.

"మా అమ్మ జోలికెందుకు?"

"ఆమె జోలికి పోతలేను. నీ జోలికే వస్తున్న."

"బేటా, చాయ్ ఠండా అయితుంది," అంది అన్వరీ బేగం చేట మీంచి కళ్లు తీయకుండానే. "తాగి కొట్లాడండ్రి. ఖాళీ కడుపుతోని లొల్లి మంచిది గాదు."

తర్వాతి శనివారం ఫలితాలు చదివారు. వైకుంఠానికి ఇంగ్లీషులో ఎంతకు అంతే. సక్కుబాయికి లెక్కల్లో ఒక మార్కు తగ్గింది కూడా. సారు ఆ రెండు మార్కులూ ఇంకోసారి చదివారు. అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

గేటు దగ్గర సక్కుబాయి అతన్ని ఆపింది.

"లెక్క చేసేటప్పుడు పెన్సిలు ఎవరి చేతిల ఉంటది?"

"నా చేతిల."

"అందుకే. నువ్వు నాకు చెప్తలేవు. నా పేరు చెప్పి నీ షోకు తీర్చుకుంటున్నవ్."

వైకుంఠానికి కోపం వచ్చింది. వచ్చిన కోపం నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె చెప్పింది నిజమే.

"మరి నేను ఇంగ్లీషు చదివితే నవ్వుతరు," అన్నాడు.

"ఎవరు?"

"నువ్వే. మొదటి దినం అందరి ముందట నా కట్‌ఆఫ్ సంగతి తీసినవ్."

"గది నీ ఇంగ్లీషు చూసి గాదు. నీ పొగరు చూసి." ఆమె గొంతు కాస్త తగ్గింది. "నా సంగతి ఇను. లెక్క ముందట పెడితే నా చేతులు చల్లగయితయ్. అందుకే పొద్దుగాల పేపరు పట్టుకుంటే మధ్యాహ్నం దాక వదల. బిడ్డ మస్తు చదువుతున్నదని మా బాపు అనుకుంటడు. నేను గూడ అనుకుంట. భయమైనదాని దిక్కు చూడకుండ ఉండనీకి గది నా ఉపాయం. నీది గూడ గదే గద?"

అతను జేబులోంచి పెన్సిలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"రేపటి సంది నీ దగ్గర్నే ఉంచుకో. నేను అడిగినా ఇయ్యకు."

ఆ పూట ఆమె మొదటిసారి అతన్ని చూసి మామూలుగా నవ్వింది. వైకుంఠం ఆ నవ్వును ఛత్రినాక దాకా మోసుకుపోయాడు.

*

కొత్త పద్ధతి కష్టంగానే ఉండింది. ఎవరికి రానిది వాళ్లు ముందు చదవాలి, వచ్చింది చివర. అలసట లేని పొద్దంతా భయపెట్టే సెక్షనుకు, మిగిలిన టైం ఇష్టమైనదానికి. సక్కుబాయి పెన్సిలు పట్టుకుని ఒక్కో లెక్కకూ పావుగంట కూర్చునేది. అవతల వైకుంఠం చేతులు వీపు వెనక కట్టుకుని, జవాబు పెదవుల దాకా వచ్చినా మింగేవాడు. అతను అంత ఓపిక పట్టడం అతని తల్లి చూసి ఉంటే నమ్మేది కాదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. యాకుత్‌పురా స్టేషన్లో ప్యాసింజరు ఆలస్యం. రేకుల కప్పు మీద చినుకులు దరువేస్తుంటే ఇద్దరూ బెంచీ చివరన నిలబడ్డారు. సక్కుబాయి చున్నీ తలమీదికి లాక్కుంది. ఒక చినుకు ఆమె కనుబొమ మీద ఆగి, జారాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. వైకుంఠం దాన్నే చూస్తున్నాడు.

"నా మొకం మీద లెక్కేమన్న ఉన్నదా?"

"లేదు."

"అయితే ఇంగ్లీషుల మాట్లాడు. ట్రైన్ వచ్చేదాక."

"ఏం మాట్లాడాలె?"

"మీ అమ్మ గురించి."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఐ యామ్ హావింగ్ వన్ మదర్."

ఆమె నవ్వలేదు. చాలా కష్టపడి నవ్వలేదు. "ఐ హావ్. అమ్మ అందరికీ ఒకతే ఉంటది, వన్ అక్కరలేదు."

"ఐ హావ్... మై మదర్ స్ట్రింగ్స్ పెర్ల్స్." ఆగాడు. తర్వాత మాట కోసం వాన వైపు చూశాడు. "హర్ ఐస్ ఆర్ వీక్ నౌ. బట్ హర్ లైన్ ఈజ్ స్ట్రెయిట్. షాప్ పీపుల్ సే, కృష్ణమ్మాస్ వర్క్ ఈజ్ ది బెస్ట్."

చెప్పడం అయ్యాక కానీ తాను ఎక్కడా తడబడలేదని అతనికి తెలియలేదు. సక్కుబాయి అతన్ని చూస్తున్న తీరు మారిపోయింది.

"చూసినవా," అంది మెల్లగా. "నీకు ప్యారున్న సంగతి చెప్తే ఇంగ్లీషు అదే వస్తది."

అంతలో ఒక గూడ్సు బండి ఆగకుండా పోయింది. ఇంజను ప్లాట్‌ఫారం చివర దాటింది. వెనక పెట్టెలు ఇంకా వస్తూనే ఉన్నాయి. సక్కుబాయి తల ఇంజను నుంచి ఆఖరి గార్డు పెట్టె దాకా తిరిగింది. ఆమె చెయ్యి అతని మోచేతిని పట్టుకుంది.

"తోక గూడ దాటాలె," అంది. "అందుకా ప్లాట్‌ఫారం పొడుగుకు రైలు పొడుగు కలిపేది? ఇంజను దాటితే సాలదు. తోక గూడ పోవాలె."

"గంతే," అన్నాడు వైకుంఠం.

"ఇన్ని దినాలు ఎవ్వరూ చెప్పలే నాకు. ఫార్ములా అని బట్టీ పట్టించిన్రు."

ఆమె మొహంలో వెలుగు చూస్తే, ఆ లెక్క తానే కనిపెట్టినంత గర్వం కలిగింది అతనికి. తాను వంద లెక్కలు చేసిన దినం కూడా అట్లా అనిపించలేదు. మోచేయి మీది చెయ్యి సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అప్పటికి ప్యాసింజరు వచ్చి ఆగింది.

*

ఆషాఢంలో బోనాలు వచ్చాయి. ఛత్రినాక వీధులన్నీ వేపాకు మండలు, పసుపు వాసన, డప్పుల మోత. సక్కుబాయి పట్టుచీర కట్టుకుని, తలమీద బోనం పెట్టుకుని ఆడవాళ్ల వరసలో నడుస్తోంది. వైకుంఠం వీధి పక్క జనంలో నిలబడ్డాడు. ఆమె తల తిప్పలేదు. బోనం కదలకుండా, కళ్లు ముందుకే పెట్టి, పెదవులు మాత్రం కదిపింది.

"కన్సీల్. ఆపోజిట్ ఏంది?"

"రివీల్," అన్నాడు వైకుంఠం, అతను కూడా ఎటో చూస్తూ. దాచుకోవడానికి వ్యతిరేకం బయటపెట్టడం.

సరిగ్గా వెనకే వస్తున్న ఎల్లయ్య అది విన్నాడు. ఎల్లయ్య సక్కుబాయి తండ్రి. ఆర్టీసీ బస్సు డ్రైవరు, బస్తీలో పదిమంది మాట వినే మనిషి. మాటల అర్థం ఆయనకు తెలియలేదు. మాట్లాడుకున్న తీరు మాత్రం బాగా తెలిసింది.

మరునాటి నుంచి సక్కుబాయి క్లాసుకు రాలేదు.

"చదువుకుంటే ఇంట్ల చదువుకో," అన్నాడట ఎల్లయ్య. సారు ఇంటికి వచ్చిన ఉప్పుగూడ పిల్ల ఒకతె ఆ కబురు చెప్పింది.

వైకుంఠం ఆ వారం వరండాలో ఒక్కడే కూర్చున్నాడు. ఇంగ్లీషు పుస్తకం తెరిచేవాడు. కాసేపటికి తెలియకుండానే పక్కకు పెట్టి లెక్కలు చేస్తుండేవాడు. శనివారం మార్కులు వచ్చాయి. ఇంగ్లీషు మళ్లీ కిందికి జారింది.

"సక్కుబాయి గూడ ఇంట్ల పేపరు చదువుకుంటనే కూసుంటుందట, లెక్కలు ముడుతలేదట," అంది అన్వరీ బేగం. "నువ్వు ఈడ, ఆమె ఆడ. ఇద్దరు గూడ పాత బీమారిల పడ్డరు. కూసుంటే ఏమయితది బేటా? పో. చాటుకు గాదు, పట్టపగలు పో."

*

ఆదివారం పొద్దున ఎల్లయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. పక్కింటి సోమయ్య ప్రహరీ గోడకు ఆనుకుని ముచ్చట పెడుతున్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వైకుంఠం గేటు తీసి లోపలికి వచ్చాడు.

"ఎవరు గావాలె?"

"మీరే గావాలె కాకా. నా పేరు వైకుంఠం. ఛత్రినాకల ఉంట."

"ఎరుకనే. బోనాల కాడ చూసిన."

వైకుంఠం దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఎక్కడికో పోయాయి. ఉన్నమాట ఒక్కటే మిగిలింది.

"సక్కుబాయిని క్లాసుకు పంపుతలేరు. పరీక్ష దగ్గరికొచ్చింది. లెక్కలల్ల ఆమె ఇప్పుడిప్పుడే నిలబడుతున్నది. గిప్పుడు ఆపితే మల్ల జారిపోతది."

"జారితే నీకేంది నొప్పి?"

"నేను గూడ జారిపోత కాకా. నాకు ఇంగ్లీషు నేర్పేది ఆమెనే."

బ్లేడు చెంప మీద ఆగింది. "నువ్వు గదా నా బిడ్డకు నేర్పేది? మొగపిల్లగాడు లెక్కలు చెప్తుండని విన్న."

"లెక్కలు నేను చెప్త. ఇంగ్లీషు ఆమె చెప్తది. నాది ఆమె లెక్కల కన్న అధ్వాన్నం. కిందటేడు గందుకే ఫెయిలైన. నసీబు అని అందరికీ చెప్పుకున్న గని, ఇంగ్లీషు రాక ఫెయిలైన."

ఇంట్లోంచి సక్కుబాయి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.  ఈ మాట అతను సారుతో కూడా ఎన్నడూ అనలేదు.

ఎల్లయ్య బ్లేడు గిన్నెలో వేశాడు. సగం గడ్డం సబ్బు నురగలోనే ఉంది.

"మాట్లాడు."

"ఏంది కాకా?"

"ఇంగ్లీషు. నా బిడ్డ నేర్పిందంటివి గద. మాట్లాడు, వింట."

సోమయ్య గోడ మీదికి ఇంకొంచెం వంగాడు. ఎదురింటి వాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు. నీళ్లకు పోతున్న ఆడవాళ్లు బిందెలతో ఆగారు. అంతమంది ముందు ఇంగ్లీషు మాట్లాడమంటే కిందటి నెల వైకుంఠం ఆ వీధి వదిలి పారిపోయేవాడు. ఒకసారి గుమ్మం వైపు చూశాడు. సక్కుబాయి తల కొద్దిగా ఊపింది.

"సర్, మై నేమ్ ఈజ్ వైకుంఠం. ఐ హావ్ కమ్ టు మేక్ ఎ రిక్వెస్ట్. యువర్ డాటర్ ఈజ్ మై టీచర్. ఐ వాజ్ అఫ్రెయిడ్ ఆఫ్ ఇంగ్లీష్. ఐ టోల్డ్ ఎవ్రీబడీ ఎ లై. షీ డోంట్ లాఫ్ ఎట్ మీ."

గుమ్మంలో ఒక వేలు లేచింది.

"షీ డజంట్ లాఫ్ ఎట్ మీ," అని దిద్దుకున్నాడు. "ప్లీజ్ అలౌ హర్ టు స్టడీ. షీ విల్ పాస్. ఐ యామ్ ష్యూర్ ఆఫ్ ఇట్."

 ఎల్లయ్యకు అందులో 'టీచర్' ఒక్కటే అర్థమైంది.

"సక్కూ. తప్పులున్నయా?"

"ఒక్కటి బాపు. ఆయనే దిద్దుకున్నడు."

"ఏం చెప్పిండు?"

సక్కుబాయి ఒక్క మాట కూడా వదలకుండా తెలుగులో చెప్పింది. 'యువర్ డాటర్ ఈజ్ మై టీచర్' దగ్గరికి వచ్చేసరికి గడప వైపు చూస్తూ చెప్పింది.

ఎల్లయ్య తువ్వాలుతో సబ్బు తుడుచుకున్నాడు. గోడ వైపు తిరిగాడు.

"విన్నవా సోమన్నా? దొర లెక్క మాట్లాడిండు పిలగాడు. నా బిడ్డ నేర్పింది."

"విన్న విన్న," అన్నాడు సోమయ్య.

"ఇగ ఇను తమ్మీ. గీ వాకిట్లనే చదువుకోండ్రి, నా కండ్ల ముందట. యాకుత్‌పురా క్లాసుకు గూడ పోతది. వచ్చేటప్పుడు మాత్రం మాట్లాడుకుంట రాకుండ్రి."

ఎల్లయ్య భార్య నాగమణమ్మ లోపలినుంచి చాయ్ తెచ్చింది. గ్లాసు అందిస్తూ వైకుంఠాన్ని తలనుంచి కాళ్ల దాకా ఒకసారి చూసింది. చాయ్‌లో చక్కెర మాత్రం ఎక్కువే ఉంది.

*

పరీక్ష దినం హాల్లో కాగితాలు పంచారు. నాలుగు సెక్షన్లకూ కలిపి ఒకటే టైం. ఎవరు దేనికి ఎంత ఇచ్చుకుంటారో వాళ్ల ఇష్టం.

వైకుంఠం ముందు ఇంగ్లీషు తీశాడు. చదివాడు, తడబడ్డాడు, ముందుకు పోయాడు. రానివి గుర్తు పెట్టుకుని రీజనింగుకు, ఆప్టిట్యూడుకు పోయాడు. లెక్కల దగ్గరికి వచ్చేసరికి సొంతింటికి వచ్చినట్టయింది. పెన్సిలు పరుగెత్తింది. చివర రెండు లెక్కలు మిగిలాయి. రెండూ పొడుగైనవి, అందమైనవి. వాటిని విప్పడం ఎట్లాగో అతనికి కనబడుతూనే ఉంది. అలాంటి లెక్క కోసం అతను అన్నం మానుకున్న దినాలున్నాయి.

గోడ గడియారం వైపు చూశాడు. ఇంగ్లీషులో వదిలేసినవి ఇంకా అలాగే ఉన్నాయి.

ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. ఆ రెండు లెక్కలనూ వదిలేసి పేజీలు వెనక్కి తిప్పాడు.

బయట వేపచెట్టు కింద సక్కుబాయి నిలబడి ఉంది. మొహం అలసిపోయి, వెలిగిపోతోంది.

"లెక్కలు ముందుగాల చేసిన," అంది. "చేతులు చల్లగయినయ్. గయినా చేసిన. ఇంగ్లీషుకు ఎక్కువ టైం మిగలలే, ఉరుక్కుంట పోయిన. నీది?"

"రెండు లెక్కలు వదిలేసిన."

"రాలేదా?"

"వచ్చు. వచ్చినా వదిలేసి ఇంగ్లీషుకు పోయిన."

 అతను ఏమిచ్చి వచ్చాడో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చుట్టూ అందరూ జవాబులు సరిచూసుకుంటూ గోల చేస్తున్నారు. ఆమె చున్నీ కొసతో అతని చేతికంటిన మరక తుడిచింది, ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా.

*

ఇద్దరూ రాతపరీక్ష పాసయ్యారు. సారు మేడ మీద గదిలో వైకుంఠం పేరు చదివి, "నాలుగు సెక్షన్లల్ల పాస్," అని రెండుసార్లు అన్నారు. ఇంటర్వ్యూలు అయ్యాయి. చివరి లిస్టు వచ్చింది. సక్కుబాయి నంబరు అందులో ఉంది. వైకుంఠం నంబరు దానికింద, వెయిటింగు లిస్టులో ఉంది.

ఎల్లయ్య ఆనాడు డిపో అంతా మిఠాయి పంచాడు. "లెక్కలల్ల గూడ పాసయింది నా బిడ్డ," అని ఎవరూ అడగకుండానే చెప్పాడు. సక్కుబాయి సుల్తాన్‌బజారు దగ్గర ఒక బ్రాంచిలో చేరింది. బస్తీ ఆడపిల్లలు ఆమె బస్సెక్కడం చూడటానికి పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్లు.

వైకుంఠం ఉప్పుగూడ వైపు రావడం మానేశాడు.

చలికాలంలో ఒక సాయంత్రం, బ్యాంకు నుంచి నేరుగా, కాటన్ చీరలో, భుజానికి సంచీతో సక్కుబాయి సారు ఇంటి మెట్లెక్కింది. వైకుంఠం కొత్త పిల్లలకు క్లాసు చెబుతున్నాడు. లెక్కలు కాదు, ఇంగ్లీషు. బోర్డు మీద 'ఐ హావ్' అని రాసి ఉంది. ఆమె గుమ్మంలో నిలబడి, క్లాసు అయ్యేదాకా విన్నది. పిల్లలు వెళ్లిపోయారు.

"మా ఇంటి తొవ్వ మర్చిపోయినవా?"

"లేదు."

"మరి?"

"నాకు గూడ ఆర్డరు వచ్చినంక వద్దామని." అతను సుద్దముక్క చేతిలో తిప్పాడు. "ఉత్త చేతులతోని ఎట్ల రావాలె? మీ బాపు ముందట ఏమని నిలబడాలె?"

"నా పేరు లిస్టుల చూసినప్పుడు నీకేమనిపించింది? నిజం చెప్పు. కుళ్లుకున్నవా?"

"లేదు." వైకుంఠం తలెత్తాడు. "నా నంబరు కోసం చూడనేలేదు ముందుగాల. నీదే ఎతికిన. కనబడ్డంక పేపరు పట్టుకుని ఛత్రినాక సడక్ మీద ఎదురొచ్చినోళ్లందరికీ చూపించిన. బాబూమియా పాన్ డబ్బా కాడ, మిల్లు కాడ. అందరూ నీ నంబరు ఏదిరా అన్నరు. అప్పుడు యాదికొచ్చింది నాది చూసుకోలేదని."

సక్కుబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు పాసయితే నేను పాసయినట్టే ఉండె సక్కూ. గట్ల ఎవ్వరి గురించి అనిపించలే నాకు. గది ప్రేమ అంటరో ఏమంటరో నాకు తెల్వది. ఇంగ్లీషుల చెప్పమంటే..."

"వద్దు," అంది ఆమె. "గిట్లనే బాగున్నది."

కింద దివాను మీద అన్వరీ బేగం, చాయ్ గ్లాసులు రెండే పెట్టి, భర్తను మెట్ల మొదట్లోనే ఆపేసింది.

"ఊపర్ మత్ జావ్," అంది. "పైన పాఠం నడుస్తుంది."

*

ఎండాకాలానికి వైకుంఠానికి ఆర్డరు వచ్చింది. జనగామ బ్రాంచి. ఆ వారమే కృష్ణమ్మ ఉన్నంతలో మంచి చీర కట్టుకుని ఉప్పుగూడకు బయల్దేరింది. సారు, అన్వరీ బేగం ఆమెకు తోడు వెళ్లారు. పెళ్లి మాటలన్నీ ఎల్లయ్య విన్నాడు.  బిడ్డను పిలిచాడు.

"నౌకరి చేసే బిడ్డవు. నేను చెప్పేదేంది. నువ్వే చెప్పు."

సక్కుబాయి తలుపు పట్టుకుని నిలబడింది. "ఆయన ఇంగ్లీషు ఇంకా కొంచెం కచ్చాగనే ఉన్నది బాపు. జనగామ నుంచి వారానికి ఒకసారి వస్తే నేర్పుడు సరిపోదు. ఇంట్లనే ఉంటే మంచిగుంటది."

నాగమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కృష్ణమ్మ మాత్రం దాచుకోకుండా నవ్వింది.

నిశ్చితార్థం నాడు ఎల్లయ్య వాకిట్లో షామియానా వేశారు. డిపోలో వాళ్లంతా వచ్చారు. నిజామాబాదు నుంచి చుట్టాలు వచ్చారు. వాళ్లలో పెద్దాయన ఒకాయన పెళ్లికొడుకును పరీక్షగా చూసి, "ఏం చేస్తడు అల్లుడు?" అని అడిగాడు.

బ్యాంకులో క్లర్కు అని చెబుతాడని అందరూ అనుకున్నారు. ఎల్లయ్య మీసం దువ్వుకున్నాడు. వైకుంఠం భుజం మీద చెయ్యి వేశాడు.

"గీయన మా బిడ్డ శిష్యుడు," అన్నాడు. "మా సక్కు దగ్గర చదువుకుని నౌకరి కొట్టిండు."

షామియానా కింద నవ్వులు లేచాయి. సక్కుబాయి పూలజడ సర్దుకుంటున్నట్టు నటిస్తూ వైకుంఠం వైపు చూసింది. ఆమెకు తెలుసు, అతనికి లెక్కల వైకుంఠం అన్న పేరంటే ఎంత ఇష్టమో. ఆమెకు లెక్కలు నేర్పింది తానేనని చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సభ అతనికి మళ్లీ దొరకదు. ఏమంటాడో అని చూసింది.

వైకుంఠం పెద్దాయనకు వంగి దండం పెట్టాడు.

"అవును తాతా," అన్నాడు. "ఇంకా చదువుకుంటనే ఉన్న."